ఓడలో మా వదినకొక గది

కిందటి చలికాలంలో మా చివరి రెండు బర్రెలను అమ్మేశాం. గౌలిపురలో ఒకప్పుడు మా గల్లీ అంతటా బర్రెలే ఉండేవి, ఇప్పుడు ఆ జాగాల్లో బైకులు నిలబడుతున్నాయి. నేను నడిపే పాల బూతుకు ప్యాకెట్లలోనే సరుకు వస్తుంది కనుక బర్రెలు పోయినా వ్యాపారం ఆగలేదు. ఆగింది మా వదిన యాదమ్మ పని. మా అన్న ఉన్నప్పుడూ, పోయాక కూడా, రెండు పూటలా పాలు పితికింది ఆమే. ఆ పని ఉన్న మనిషి ఊరు వెళ్ళి ఒక్క రాత్రి ఉండలేదు. యాదగిరిగుట్టకు పోయినా సాయంత్రం పితికే వేళకు ఇంట్లో ఉండవలసిందే.

దాణా పోసుకునే గది కూడా ఖాళీ అయింది. దాన్ని కూల్‌డ్రింకుల స్టాకు పెట్టుకోవడానికి అద్దెకిస్తానని ఒకాయనకు మాటిచ్చాను. ఇక వదినను ఎక్కడికైనా తీసుకుపోదామని, "యాడికి పోదాం వదినె?" అని అడిగాను. కాశీ అంటుందనుకున్నాను.

"గా తెల్ల ఓడ ఎక్కుదాం నర్సింగ్. చిన్నది ఫోన్ల చూపిచ్చింది. అండ్ల గదులుంటయంట," అంది.

మా చిన్నమ్మాయి ఆ వీడియో ఎప్పుడో చూపించి మరిచిపోయింది. వదిన మరిచిపోలేదు. అలా మొదలైంది మా ప్రయాణం. మద్రాసులో ఎక్కించుకుని, రెండు రాత్రులు సముద్రంలో తిప్పి, మళ్ళీ మద్రాసులోనే దింపే ఓడ. వెళ్ళేది ఐదుగురం: నేను, నా భార్య సుజాత, మా ఇద్దరు ఆడపిల్లలు, వదిన.

ముందు ఖలీల్ భాయ్ దగ్గరికి వెళ్ళాను. శాలిబండలో ఆయనది చిన్న ట్రావెల్స్ దుకాణం. ఆయన మా పాల గిరాకీ, మేము ఆయన టికెట్ల గిరాకీ. మా పిల్లల్లో ఎవరు పై బెర్తు కోసం కొట్లాడతారో కూడా ఆయనకు తెలుసు. ఏమీ అడగకుండానే చెప్పేశాడు.

"దో క్యాబిన్ చాలు, నర్సింగ్ భాయ్. పక్కపక్కకే ఇప్పిస్త. ఒకదాంట్ల మీరిద్దరు, ఒకదాంట్ల భాభీ, పిల్లలు. ఇంట్ల గూడ భాభీ పిల్లలతోనే పండుకుంటది గద! ఫికర్ నక్కో."

ఆయన చెప్పిన ధర విని, ఆలోచించుకుని వస్తానని ఇంటికొచ్చి ఫోన్ తెరిచాను. ఓడ కంపెనీ వాళ్ళ సైట్‌లో ధర తక్కువగా కనిపించింది. దాని కింద, తల్లిదండ్రుల గదిలో ఉంటే పిల్లలు ఉచితం అని రాసి ఉంది. నా బూతు ముందు కూడా నేను 'ఉచితం' అని బోర్డు పెడుతుంటాను. ఆ మాట అర్థం నాకు తెలియనిది కాదు, అయినా పడిపోయాను.

మమ్మల్ని నలుగురినీ ఒక గదిలో వేశాను. వదిన మిగిలింది. 'ఇంకో గది' నొక్కి, 'పెద్దవాళ్ళు' అన్నచోట ఒకటి అని పెట్టాను. మామూలు గదులు అయిపోయాయి, మాకు రెండు అంతస్తుల పైన బాల్కనీ ఉన్న గది ఒకటి ఉంది. తెర మూలన గడియారం వెనక్కి నడుస్తోంది, అది సున్నాకు వస్తే గది పోతుందట. కంగారులో డబ్బు కట్టేశాను. రసీదు వచ్చాక నింపాదిగా చదివితే తెలిసింది, ఒక్కరే ఉన్నా గదికి ఇద్దరి ఛార్జీ పడుతుందని, రేవు రుసుములు వేరే అని. అన్నీ కలిపితే ఖలీల్ భాయ్ ధర దాటిపోయింది. రద్దు చేస్తే సగం కూడా తిరిగి రాదు.

సుజాతకు డబ్బు సంగతి పట్టలేదు. "అక్కను ఒక్కదాన్నే పండవెడ్తవా? అది గూడ సముద్రం మీద? నలుగురు ఏమంటరు?" అని లొల్లి పెట్టింది.

కంపెనీకి ఫోన్ చేసి చాలాసేపు పాట విన్నాను. చివరికి సిగ్గు విడిచి మళ్ళీ ఖలీల్ భాయ్ ముందు నిలబడ్డాను. ఆయన నవ్వినా బాగుండేది, నవ్వలేదు.

"నా చేతి మీద అయిన బుకింగ్ అయితే ఒక్క ఫోన్ల మార్పిస్తుంటి భాయ్. మీరు కంపెనీ తోని సీదా చేస్కున్నరు. దాన్ల నేను వేలు పెట్టరాదు," అన్నాడు.

వెళ్ళాలనుకునే వారు ఈ మాట గుర్తుంచుకోండి. సొంతంగా చేసుకున్న బుకింగును ఏజెంటు సరిచేస్తాడనుకోవద్దు.

ఇంటికొచ్చి వదినకు విషయం చెప్పాం. "గదిల నేనొక్కదాన్నేనా?" అని అడిగింది. అవునంటే మళ్ళీ అదే మాట అడిగింది. భయపడుతోందనుకున్నాం.

సాయంత్రం కాచిగూడలో బండి ఎక్కాం. సద్ది కట్టుకున్న పూరీలు, ఆలుగడ్డ కూర మహబూబ్‌నగర్ రాకముందే అయిపోయాయి. కర్నూలులో ఒక రిటైర్డ్ టీచరమ్మ మా ఎదుటి బెర్తుకు వచ్చింది. ఇదివరకే ఓడ ప్రయాణం చేసిందట. మా కథ విని నోరు నొక్కుకుంది.

"పెద్దామెను ఒక్కదాన్నే పైన పెట్టినారా? ఏజెంటుకు ఒక్క మాట చెప్పింటే సరిపోయేది కదప్పా!"

"నాకేం భయం లేదమ్మా," అంది వదిన. ఆ మాట మేమెవ్వరం పట్టించుకోలేదు. టీచరమ్మా సుజాతా కలిసి నన్ను కర్నూలు నుంచి డోన్ దాకా తిట్టారు.

తెల్లవారి ఎగ్మోర్‌లో దిగి, స్టేషన్లోనే స్నానాలు చేసి, బయట ఇడ్లీ తిని, పదకొండుకల్లా రేవు గేటు దగ్గరికి చేరాం. ఏజెంట్ల ద్వారా వచ్చినవాళ్ళ చేతుల్లో కాగితాలన్నీ ప్లాస్టిక్ సంచుల్లో నీటుగా ఉన్నాయి, పెట్టెలకు చీటీలు కట్టి ఉన్నాయి. నేను ముద్రించుకున్న చీటీలను పక్క కొట్లో టేపు కొనుక్కుని అంటించాను. లైను మాత్రం వాళ్ళకూ మాకూ ఒకటే. రెండు గంటలు నిలబడ్డాం.

మా గదికి కిటికీ లేదు. పగలు లైటు వేసుకోవాలి, పైనుంచి దింపిన మంచాలకు తల తగలకుండా నడవాలి. పెట్టెలు పెట్టేసి అందరం వదిన గదికి వెళ్ళాం. తెల్ల దుప్పటి పరిచిన పెద్ద మంచం, అద్దం తలుపు, దాని అవతల బాల్కనీ, అందులో రెండు కుర్చీలు.

"ఒక్క మనిషికి రెండు కుర్చీలా!" అని నవ్వింది వదిన. తర్వాత బయటి తలుపు దగ్గరికి వెళ్ళి మూసింది, లోపలి గొళ్ళెం వేసింది, తీసింది, మళ్ళీ వేసి చూసింది.

"గట్టిగనే ఉంది," అంది.

పాపం, భయంతో చూసుకుంటోందనుకున్నాను.

ఐదింటికి ఓడ కదిలింది. భోజనంలో ఇరవై రకాలున్నా వదిన పెరుగు దగ్గరే ఆగింది. ఒక చెంచా నోట్లో వేసుకుని, వడ్డించే అబ్బాయితో "పానీ జ్యాదా హై బాబా," అంది. మా వదిన ఎవరి పెరుగునూ మెచ్చుకోదు, నా బూతులో పెరుగును అసలే మెచ్చుకోదు. భోజనాలయ్యాక సుజాత తన దిండు పట్టుకుని పైకి వెళ్ళింది. ఐదు నిమిషాల్లో దిండుతో సహా తిరిగొచ్చింది.

"పొమ్మన్నది," అంది, ఇంకా నమ్మలేనట్టు.

పొద్దున్నే చాయ్ పట్టుకుని నేనే పైకి వెళ్ళాను. కోడి కూయకముందు లేచే మనిషి, ఈపాటికి ఎదురుచూస్తుంటుందనుకున్నాను. తలుపు కొట్టాను. పలుకు లేదు. గట్టిగా కొట్టాను. లేదు. మా గదికి పరిగెత్తి ఫోన్ చేస్తే ఎత్తలేదు. బాల్కనీ గుర్తొచ్చింది. ఆ కింద నీళ్ళు గుర్తొచ్చాయి. మళ్ళీ పైకొచ్చి, వరండాలో దుప్పట్లు మోసుకుపోతున్న పనివాణ్ణి తలుపు తెరవమని బతిమాలాను. తలుపు పిడికి తగిలించిన అట్టముక్క చూపించి, "లేపొద్దని పెట్టారు సార్. రాత్రి అమ్మే అడిగి తెలుసుకుని పెట్టుకున్నారు," అని హిందీలో చెప్పాడు.

అప్పుడే గొళ్ళెం తీసిన చప్పుడైంది. జుట్టు రేగి, కళ్ళు ఉబ్బి, వదిన నిలబడి ఉంది.

"ఏమైంది వదినె? పానం మంచిగ లేదా?"

"ఏం గాలె. పండుకున్న."

"ఇంతసేపా!"

"ఎవ్వరు లేపలె గద," అంది.

నా చేతిలోని కప్పు చూసి, "నేను ఫోన్ల చెప్పుకుంట తియ్యి. నువ్వు తాగు," అంది. లోపలికి రమ్మనలేదు. పిల్లలు బాల్కనీలో కూర్చుంటామని వస్తే, "ఎండ ఎక్కినంక రండి బిడ్డా," అని పంపేసింది. ఇంట్లో పిల్లల కాళ్ళు మీద పడుతుంటే నిద్రపోయే మనిషి ఆమె. దిగేదాకా అంతే. భోజనానికి వచ్చేది, పిల్లలతో డెక్కు మీద ఒక చుట్టు తిరిగేది, గదికి పోయి గొళ్ళెం వేసుకునేది. సుజాత మొహం చిన్నబుచ్చుకుంది. నాకు మాత్రం, చెప్పొద్దూ, సంతోషమేసింది.

తిరుగు ప్రయాణంలో, బండి రేణిగుంట దాటాక, వదిన అటుకులు పంచి పెట్టి నా పక్కకొచ్చి కూర్చుంది.

"నర్సింగ్, ఒకటడుగుత. కోపం చెయ్యద్దు."

"అడుగు వదినె."

"మనింట్ల నేను పండేకాడ తలుపు లేదు. అందరు నన్ను దాటుకుంటనే బయటికి పోతరు. బర్రెలున్నప్పుడు నడిచింది, అందరికన్న ముందు నేనే లేస్తుంటి. ఇప్పుడు ఎవ్వరి కోసం లేవాలె? దాణా అర్ర ఖాళీగనే ఉంది గద. తలుపుంది. గొళ్ళెం బయటికెల్లి ఉంది. లోపటికెల్లి ఒకటి పెట్టియ్యి."

సుజాత నా మొహం చూసింది. నేను అక్కడే ఫోన్ తీసి, కూల్‌డ్రింకుల ఆయనకు గది ఇవ్వడం లేదని చెప్పేశాను. ఆయన చాలా మాటలన్నాడు. పడ్డాను.

ఆన్‌లైనా, ఏజెంటా అని నన్ను అడిగేవారికి నా అనుభవం ఇది. కాగితాలకు, మార్పులకు, మనశ్శాంతికి ఏజెంటే మేలు. ఇంకోసారి వెళ్తే ఖలీల్ భాయ్ దగ్గరికే పోతాను. కానీ ఆయనకు మా ఇల్లు బాగా తెలుసు, అందుకే వదినను పిల్లల గదిలో వేశాడు. నేనూ అక్కడే వేసేవాణ్ణి. ఆమె ఎవరో తెలియని ఆ సైటు మాత్రం మనిషి ఒకరు అని లెక్కేసి ఒక గది ఇచ్చింది. కనుక ఎవరి చేత చేయించుకున్నా, గదిలో పడుకోబోయే మనిషిని ముందు అడగండి.

పొద్దున కాచిగూడలో దిగి ఆటో మాట్లాడుకున్నాం. ఇంటికి పోకముందే శాలిబండలో ఒక ఇనుప సామాన్ల దుకాణం దగ్గర వదిన ఆపమంది. అప్పుడే షట్టరు ఎత్తుతున్నారు. కొట్టాయన నాలుగు రకాల గొళ్ళేలు తెచ్చి బల్ల మీద పెట్టి, ఇత్తడిది చూడడానికి బాగుంటుందన్నాడు. వదిన దాన్ని పక్కకు జరిపింది. మిగిలినవి ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని జరిపి చూసింది, మూసింది, తెరిచింది, మళ్ళీ మూసింది. చివరికి ఒక లావుపాటి ఇనుప గొళ్ళెం నా చేతిలో పెట్టింది.

"ఇది పెట్టియ్యి," అంది. "ఇయ్యాల్నే."