నీళ్లు కావాలని అడగడం

ఇది ఒక మహాయుద్ధపు కథ. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని... సరే, నిజం చెప్పేస్తాను. ఇందులో ఉన్నది ఒక బల్ల, రెండు కుర్చీలు, దాహం వేసిన నేను.

సూళ్లూరుపేట దగ్గర జపాన్ వాళ్ల కర్మాగారంలో దుభాషి ఉద్యోగానికి ఇంటర్వ్యూ. అది రాకపోతే చిత్తూరు మామిడి మండీలో నాయన పక్కన కాటా దగ్గర కూర్చోవాలి. జపనీసులో నా భయమంతా ఒక్కచోటే: కోరిక చెప్పడం. ‘నీళ్లు కావాలి’ అంటే నీళ్ల పక్కన ‘గా’ అనే ప్రత్యయం పెట్టాలి. ‘నీళ్లు తాగాలని ఉంది’ అంటే ‘గా’ పెట్టొచ్చు, మన ‘ను’ లాంటి ‘ఓ’ కూడా పెట్టొచ్చు.

తిరుపతిలో మాకు పాఠం చెప్పే మేడం, "భయం దేనికప్పా? మనం మాత్రం ‘నాకు నీళ్లను కావాలి’ అంటామా? ఆడా అంతే" అని తేల్చేసింది. కానీ రెండూ ఒప్పే అన్నచోటే నాకు చెమటలు పట్టేవి. ఒకటి తప్పైతే దాన్ని వదిలేయొచ్చు. రెండూ ఒప్పైతే దేన్ని పట్టుకుని బతకాలి?

ఆ పొద్దున నాయన నన్ను చూసి, "ఏందిరా ఆ మొగం? పుత్తూరుకు కట్టు కట్టించుకోను పోతాండే వాని మాదిరి ఉండావు" అన్నాడు.

"ఎముక విరిగినా బాగుండు నాయనా, ఇంటర్వ్యూ తప్పేది."

"నోరు మాత్రం బాగా ఆడతాది. ఆడికి పోయి ఆడించు."

ఆడలేదు. కూర్చోగానే నాలుక అంగిలికి అతుక్కుపోయింది. బల్ల అవతలి పెద్దాయన జపనీసులో, "ఏం తాగుతారు?" అన్నాడు. ఇన్నాళ్లూ నన్ను వణికించిన ప్రశ్న! నోరు తెరిచాను.

"ఏమీ వద్దండీ, ఇప్పుడే తాగొచ్చాను."

మా ఇళ్లల్లో మొదటిసారి అడిగితే వద్దనాలి. రెండోసారి బలవంతపెడతారు, అప్పుడు ‘సరే, మీ ఇష్టం’ అని అందుకోవాలి. ఆయన రెండోసారి అడగలేదు. తన గ్లాసు నింపుకున్నాడు.

ఆ నీళ్ల చప్పుడుకు మండీలో కాటా కళ్లముందు ఊగింది. తర్వాతి ప్రశ్నకు గొంతులోంచి గాలే తప్ప మాట రాలేదు. ఆయన పెన్ను కింద పెట్టాడు. ఇక పోయేదేముందని, "మిజు గా నొమితై దెస్" అనేశాను. నీళ్లు తాగాలని ఉందండీ అని.

"ఇప్పుడే తాగొచ్చానన్నారు కదా?"

"మా వైపు అలాగే అనాలండీ. మీరు ఇంకోసారి అడగాల్సింది."

నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన గ్లాసు నింపి నా వైపు జరిపాడు.

"ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు. ఇక్కడి వాళ్లకు దాహమే వేయదనుకున్నాం."

ఉద్యోగం వచ్చింది. అక్కడ నీళ్ల సీసా మాత్రం ఎవరిది వాళ్లే ఇంటినుంచి తెచ్చుకోవాలి.