గోడ మీది మిరపకాయ

బొమ్మలు వేయడం నాకు రాదు. నేను ఆవును గీస్తే మేకలాగుందని వెక్కిరించినవాళ్ళు కూడా లేరు, "ఇది ఎవరి ఇల్లు?" అని మర్యాదగా అడిగేవాళ్ళు. అట్లాంటి నన్ను బోర్డువారు కర్నూలులో చిత్రకళ, హస్తకళల తరగతులకు పది రోజులు పంపించారు. ప్రతి బడి నుంచీ ఒకరు రావాలని తాఖీదు. మా బడిలో ఉన్నది ఇద్దరం. అందులో బి.ఏ. నేను. ఇక వేరే ఆలోచన ఎందుకన్నాను. నాకంటే పన్నెండేళ్ళు పెద్దదైన మా రెండో పంతులమ్మ మాత్రం, "పోయిరామ్మా, గాలి మారినట్టుంటాది" అంది. ఆ మాటలో నా బి.ఏ. ప్రసక్తి ఎక్కడా లేదు.

మా బడి ఎర్రగుంట్ల స్టేషనులో దిగి నాలుగు మైళ్ళు బండిలో పోతే వచ్చే ఊళ్ళో ఉండేది. ఆ ఊళ్ళో నేల తవ్వితే నీళ్ళు పడవు, నల్లబండలు పడతాయి. బడి నేలంతా ఆ బండలే. ఆడపిల్లల బడి, ఐదో తరగతి దాకా. బోధనకు మాకున్న సామగ్రి చెబుతాను వినండి. ఒక నల్లబల్ల, మూడు కాళ్ళుండాల్సిన చోట రెండు కాళ్ళతో. ఒక పూసల చట్రం, పూసలు సగం పిల్లల మెడల్లోకి పోగా మిగిలింది. ఒక పటం, అది ఇంగ్లండు దేశానిది. మా పిల్లలు థేమ్సు నది ఎక్కడుందో కళ్ళు మూసుకొని చూపించేవాళ్ళు. పెన్న ఎక్కడుందో చూపించడానికి పటం లేదు గాని వాళ్ళ కాళ్ళకు తెలుసు. ఎండాకాలం ఇసుకలో చెలమ తోడి నీళ్ళు తెచ్చేది వాళ్ళే గదా.

ఆ బడికి నేను ప్రధానోపాధ్యాయురాలిని. ఊరివాళ్ళకు మాత్రం ఆ రెండో పంతులమ్మే పెద్ద పంతులమ్మ, నేను చిన్న పంతులమ్మ. ఆమె మిషను బడిలో చదువుకున్న మనిషి. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులు బడి, ఇరవై ఏళ్ళుగా అదే చోట. ఊరివాళ్ళ లెక్క తప్పని చాలామందితో వాదించాను. అందరూ శ్రద్ధగా విని, "సరే చిన్న పంతులమ్మా" అన్నారు.

ఆమె చేసే పనుల్లో నాకు బొత్తిగా గిట్టనిది ఒకటుండేది. ఐదో తరగతి గది వెనకగోడ ఎర్రమన్ను పూసిన మట్టిగోడ. మన ఇళ్ళల్లో పాలు పోయించుకునేవాళ్ళు రోజుకొక సున్నపు బొట్టు గోడమీద పెట్టుకుంటారు చూడండి, అట్లా ఈమె పిల్లల హాజరు ఆ గోడమీద పెట్టేది. ఒక్కో పిల్లకు ఒక్కో వరస. వరస మొదట్లో పేరు బదులు ఆ పిల్ల కోరుకున్న ముగ్గుబొమ్మ: తామరపువ్వు, చేప, దువ్వెన, చిలక. వచ్చిన రోజు బొట్టు. రాని రోజు ఖాళీ. ఆలస్యంగా వస్తే సగం బొట్టు. ఆదివారానికి చిన్న శిలువ. నెల మారితే నిలువుగా ఒక గీత.

నేను కాగితం మీద శుభ్రంగా రిజిష్టరు రాస్తుంటే ఈ పాలలెక్క ఏమిటని అడిగాను. ఆమె చెప్పిన జవాబు ఇది: పిల్లల తల్లులకు చదువు రాదు. పొలం నుంచి పోతూ కిటికీలోంచి తొంగి చూస్తే, తన చేపకు ఎన్ని బొట్లు పడ్డాయో తల్లికే తెలుస్తుంది. రిజిష్టరు బోర్డువాళ్ళు చదువుకునేది, గోడ ఊరు చదువుకునేది. నాకు ఆ జవాబులో తప్పు దొరకలేదు. అందుకని గోడ అసహ్యంగా ఉందన్నాను.

కర్నూలు తరగతులు తుంగభద్ర ఒడ్డున ఒక పెద్ద హాలులో జరిగాయి. మద్రాసు నుంచి వచ్చిన డ్రాయింగు మాస్టారు, చూసినదాన్ని చూసినట్టు వేయడమే కళ అని గంటసేపు చెప్పి, మేమెవరమూ చూడని సీమ ఆపిలుపండు బొమ్మ గోడకు తగిలించాడు. ఆదోని వైపు నుంచి వచ్చిన ఒక అయ్యవారు దానికి ఊదారంగు పూశాడు. ఎందుకయ్యా అంటే, తొడిమె ఉండి గుండ్రంగా ఉండేది వంకాయ కాక మరేమిటి అన్నాడు. నాకు ఆ అయ్యవారి మీద గౌరవం కలిగింది. నా పండుకు ఏ రంగు వేసినా పండని ఎవరూ అనలేదు.

చివరి మూడు రోజులు మాత్రం పనికొచ్చే విద్య నేర్పారు. కాగితాలు నానబెట్టి, రుబ్బి, ఆ గుజ్జులో మైదా జిగురు కలిపి, పలక మీద కొండలూ లోయలూ ఉబ్బెత్తుగా వచ్చేట్టు దేశపటం చేయడం. గీయడం రానివాళ్ళకు ఇంతకంటే వరం ఏముంది? పిసకడమేగా. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా హాజరై తృప్తికరంగా నేర్చుకున్నదని గుండ్రటి చేతిరాతతో సర్టిఫికెట్టు ఇచ్చారు. దానికి అద్దం కట్టించి బడిలో నా కుర్చీ వెనక తగిలించాను.

వచ్చీ రాగానే పెద్ద పంతులమ్మను కూర్చోబెట్టి, కాగితాలు రుబ్బి వస్తువులు చేయవచ్చునని పాఠం చెప్పాను. ఆమె ఓపికగా విని, లోపలికి పోయి, అలసందలు పోసుకునే తట్ట తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇది దేంతో చేసినారనుకుంటాండావమ్మా?"

కాగితంతోనే. వాళ్ళ అవ్వ కాలం నుంచీ చేసుకుంటున్నారట. ఇంకో మాట కూడా చెప్పింది: మైదా వద్దు, మెంతులు నానేసి రుబ్బి కలుపు, ఆ చేదుకు ఎలుకలు ముట్టవు అని. కర్నూలులో మెంతుల మాట ఎత్తలేదన్నాను. కర్నూలు ఎలుకలు చదువుకున్నవేమో అంది.

నేను మైదాతోనే చేశాను. ఎండాకాలం సెలవులు ముగిసి బడి తలుపు తీస్తే, ఎలుకలు ఉత్తరం నుంచి దండెత్తి వచ్చి కాశ్మీరం మొదలు మైసూరు దాకా తినేశాయి. కన్యాకుమారి ఒక్కటి మిగిలింది. పెద్ద పంతులమ్మ దాన్ని పరీక్షగా చూసి ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది, తిరిగి నాలుగు అనేదాన్ని.

ఆ జూన్‌లోనే అసలు సంగతి మొదలైంది. ఐదు పాసైన పదకొండుమంది పిల్లలు నా ముందున్నారు. ఆరో తరగతి లేదు. ఇంకో ఊరు పంపే తల్లి ఒక్కతీ లేదు. బోర్డు అనుమతి రాకముందే నేను ఆరో తరగతి మొదలుపెట్టి కూర్చున్నాను. పదకొండు ఇళ్ళకూ పోయి, పదకొండుమంది తల్లులతో వాదించి, "అనుమతి నేను తెస్తాను, మీ పిల్లను చేనికి తోలుకుపోవద్దు" అని మాటిచ్చాను. ఇన్‌స్పెక్ట్రెస్సమ్మ వచ్చి చూసి సరేనంటే ఆ పిల్లలకు చదువు. కాదంటే పలకలు అటక మీదికి, పిల్లలు చెనక్కాయ చేలోకి.

అందుకని ఆమె వచ్చేలోగా బడిని కళకళలాడించాలని కంకణం కట్టుకున్నాను. మళ్ళీ దేశపటం, ఈసారి మెంతులతో. అయితే కాగితం కావాలి. ఆ ఊరికి పేపరు వచ్చేది కాదు. కిరాణా కొట్టు ఆయన ఉన్న నాలుగు కాగితాలూ పొట్లాలకే చాలవన్నాడు. ఒక ఆదివారం పెద్ద పంతులమ్మ చర్చికి పోయిన వేళ, బీరువా అడుగున దుమ్ము పట్టిన పాత కాపీపుస్తకాల కట్ట ఉంటే, తాడు కూడా విప్పి చూడకుండా తొట్టిలో నానేశాను. మూడు రోజులు నానింది. రోట్లో రుబ్బింది నేనే, భుజాలు పడిపోయేట్టు.

పటం చూడముచ్చటగా వచ్చింది. దక్కనుకు జాజు, రాజపుటానా ఎడారికి పసుపు, నదులకు నీలిమందు, హిమాలయాలకు సున్నం. గదంతా మెంతుల వాసన. పిల్లలకు భూగోళం పాఠంలో ఆకలయ్యేది.

ఇక మిగిలింది వెనకగోడ. దాన్ని తెల్లగా వెల్ల వేయించి అట్టల బొమ్మలు తగిలించాలని నా పట్టు. పెద్ద పంతులమ్మ ఎదురు చెప్పలేదు. సున్నం ఇంకా నానలేదంది. మర్నాడు కుంచె యాడ పెట్టినానో అంది. ఆ మర్నాడు ముసురుగా ఉండాది, ఆరదు అంది. మా వైపు ముసురు పట్టిందని చెప్పిన మనిషిని నేను మొదటిసారి చూశాను. నాలుగో రోజు కొంగు బిగించి కుంచె నేనే తీసుకొని, పిల్లలు గోల పెడితే ఎడమ కొసన వాళ్ళ బొమ్మలు మాత్రం వదిలి, వాటి పక్కనుంచి మొదలుపెట్టాను.

పోయిన ఏడాది జూన్ నెల బొట్లమీద వెల్ల పడింది. జులై గీత దగ్గరికి వచ్చేసరికి తపాలా మనిషి ఉత్తరం ఇచ్చిపోయాడు. ఇన్‌స్పెక్ట్రెస్సమ్మ మూడు రోజుల్లో వస్తున్నారు. గత సంవత్సరం ఐదో తరగతి హాజరు రిజిష్టరు సిద్ధంగా ఉంచవలెను, దాన్నిబట్టే ఆరో తరగతి సంగతి తేలుతుంది.

బీరువా తీయమని పెద్ద పంతులమ్మకు చెప్పాను. పై అర చూసింది, లేదు. నడిమి అర చూసింది, లేదు. అడుగు అర ఖాళీగా ఉంది, ఎందుకు ఖాళీగా ఉందో చెప్పాల్సింది నేను. కుంచె చేత పట్టుకొనే పటం దగ్గరికి పోయాను. నేపాళం కింద, సున్నం పలచబడిన చోట, ఒక కాగితపు ముక్క సరిగా నలగక కనిపిస్తోంది. దానిమీద ఎర్రగీతలు, గళ్ళు, గళ్ళలో నా చేత్తో పెట్టిన టిక్కులు.

"అక్కా, రిజిష్టరు దొరికింది" అన్నాను.

"యాడుండాది?"

"హిమాలయాల్లో."

ఆమె వచ్చి చూసింది. నా ముఖంకేసి చూసింది. తర్వాత గోడకేసి చూసింది.

"ముందు ఆ కుంచె కింద పెట్టమ్మా."

ఇన్‌స్పెక్ట్రెస్సమ్మ వచ్చింది. లావుపాటి మనిషి, కళ్ళజోడు, చీర నిండా బండిదారి దుమ్ము. మజ్జిగ తాగి రిజిష్టరు అడిగింది. మూడు రోజులు కూర్చుని నేను ఒక ఉపన్యాసం తయారుచేసుకున్నాను, బోధనలో కళకున్న స్థానం గురించి. నోరు తెరిస్తే అది రాలేదు. రుబ్బేశానని చెప్పాను. ఏ రోట్లోనో కూడా చెప్పాను. పటం చూపించాను, గోడ చూపించాను.

ఆమె గోడ ముందు చాలాసేపు నిలబడింది. "ఈ బొట్లు నిన్న పెట్టినవి కావని నాకెట్లా తెలుస్తుంది?" అంది.

వాదనలో నా నోరు మూతబడడం మా ఇంట్లోవాళ్ళు చూడవలసిన ముచ్చట. ఆ పదకొండుమందీ బండలమీద బాసింపట్టు వేసుకొని నన్నే చూస్తున్నారు, చిన్న పంతులమ్మ ఇప్పుడు గెలుస్తుందని.

ఇన్‌స్పెక్ట్రెస్సమ్మ చేప వరసలో ఒక ఖాళీమీద వేలు పెట్టింది. చేప పిల్ల లేచి, అప్పుడు చెనక్కాయ పెరికేదానికి పోతిమి అంది. నిజమే, ఆ వారం అందరి వరసలూ బోసిగా ఉన్నాయి. చిలక వరసలో ఇంకో ఖాళీ. చిలక పిల్ల వాళ్ళ అవ్వ చచ్చిపోయిందని చెప్పింది. ఆ వేలు అట్లా కిందికి దిగి, అన్నిటికంటే అడుగున ఉన్న పన్నెండో వరస దగ్గర ఆగింది. ఆ వరస మొదట్లో వంకర తిరిగిన మిరపకాయ.

"ఈ మిరపకాయ ఏ పిల్ల?"

ఎవరూ లేవలేదు. నేనూ చుట్టూ చూశాను. ఏడాదిపాటు ఆ గోడను తిట్టినదాన్ని, దానిమీద పన్నెండు వరసలున్నాయని ఒక్కరోజూ లెక్కపెట్టలేదు. పెద్ద పంతులమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆఖరికి దువ్వెన పిల్ల లేచి, "పంతులమ్మదండీ" అంది. ఏ పంతులమ్మ అని అడిగితే పదకొండు వేళ్ళు నామీదికి తిరిగాయి.

ఇన్‌స్పెక్ట్రెస్సమ్మ నవ్వలేదు. ఆ వరసనే పట్టుకొని నడిచింది. సగం బొట్లు చాలా ఉన్నాయి. (వాటిలో కొన్నిటి మీద నాకు ఇప్పటికీ అభ్యంతరం ఉంది. గడప దాటకముందు గంట కొడితే అది నా ఆలస్యమా?) చలికాలంలో ఒకచోట బొట్లే లేవు, మధ్యలో శిలువ తప్ప.

"ఇక్కడ మీరు యాడికి పోయినారు?"

ఆమెదీ మా సీమేనని అప్పుడు తెలిసింది. నేను కుర్చీ వెనక నుంచి అద్దం కట్టించిన సర్టిఫికెట్టు తీసి ఇచ్చాను. ఆమె తేదీలు చదువుకుంది, శిలువల్ని బట్టి వారాలు లెక్కపెట్టుకుంది, ఖాళీలమీద ఒక్కొక్కటిగా వేలు ఆనించింది. పది రోజులకు పది రోజులూ సరిపోయాయి. నేను ఆ పది రోజుల్లో కళ నేర్చుకున్నానో లేదో గాని, బడికి రాలేదని మాత్రం రుజువైంది.

తర్వాత ఆమె పెద్ద పంతులమ్మ వైపు తిరిగింది. అబద్ధపు హాజరు వేసేవాళ్ళు ఇన్ని ఖాళీలు పెట్టరంది. పైగా తన పై ఉద్యోగిని మిరపకాయగా గీసి, ఆలస్యానికి సగం బొట్లు పెట్టే మనిషి ఎవరికోసమూ అబద్ధం రాయదంది. జూన్ నెల ఏమైందని అడిగింది. వెల్ల కింద ఉందన్నాను. "మీరు ఇంక దేన్నీ బాగుచేయకండి" అని, కూర్చుని నివేదిక రాసుకుంది.

అనుమతి వచ్చేసరికి రెండు నెలలు పట్టింది. ఇకమీదట రిజిష్టరు బీరువాలో తాళం వేసి ఉంచవలెనని, తాళంచెవి రెండో ఉపాధ్యాయురాలి దగ్గర ఉండవలెనని దాని కింద షరతు. నేను రెండుసార్లు చదువుకొని మడిచి పెట్టాను.

ఆ మర్నాడు పొద్దున పెద్ద పంతులమ్మ పక్కగోడకు ఎర్రమన్ను పూసి, ఆరో తరగతికి కొత్త వరసలు గీస్తోంది. అప్పటికే కిటికీ దగ్గర ముగ్గురు తల్లులు. అడుగున మళ్ళీ మిరపకాయ వేయబోతుంటే ఆపాను. నాకు తామరపువ్వు కావాలన్నాను. ఒక పిల్ల తీసుకుందంది. చిలక అన్నాను. అదీ పోయింది, మిగిలింది కాకరకాయే అంది. బి.ఏ. చదివిన ప్రధానోపాధ్యాయురాలికి ఇంతకంటే గౌరవమైన బొమ్మ దొరకదా అని, మేమిద్దరం గోడ దగ్గరే నిలబడి వాదించుకున్నాం. తల్లులు కిటికీలోంచి ఆమె పక్షం మాట్లాడారు.

చివరికి మిరపకాయే ఉండనీ అన్నాను. ఆ మాట అనేసరికి గంట కొట్టి చాలాసేపైంది, పిల్లలు వచ్చి కూర్చున్నారు. పెద్ద పంతులమ్మ వేలు సున్నంలో ముంచి, పదకొండుమందికీ నిండు బొట్లు పెట్టి, నాకు సగం పెట్టింది.