ఆఫియా ఇంట్లో చీమల పుస్తకం

తెలియక భయపడేవాళ్ళు కొందరు, తెలిసి భయపడేవాళ్ళు కొందరు. ఆఫియా రెండో రకం. ఖమ్మంలో కెమిస్ట్రీ డిగ్రీ చదివి, పెళ్ళయి టేకులపల్లి వచ్చింది. భర్త అతీక్‌కు మెయిన్ రోడ్డు మీద మోటార్ వైండింగ్ షాపు. ఇంట్లోకి ఏ డబ్బా వచ్చినా ఆఫియా ముందు వెనక్కి తిప్పి, అందులో ఏం కలిపారో చదువుతుంది. అత్త షరీఫా తెచ్చిన చీమల చాక్‌ను అలాగే చదివి, పిల్ల నోట్లో పెట్టుకుంటే విషమని అటక మీద పడేసింది. షరీఫా ఇంకోటి తెచ్చుకుంది.

కూతురు ఆతియాకు ఏడో ఏడు నడుస్తోంది. ఒకటో తరగతి అయిపోవస్తున్నా చదవదు. అక్షరాలన్నీ వచ్చు, మాటలూ కూడబలుక్కుంటుంది. రెండో వాక్యం దగ్గర ఆగిపోతుంది. కొత్తగూడెం తీసుకెళ్ళి చూపిస్తే, కళ్ళు శుభ్రంగా ఉన్నాయన్నారు. బడిలో ఏంజెల్ టీచర్ మెత్తగానే చెప్పింది.

"సోమారం ఒక పేజీ చదివిస్తనమ్మా. చదివిందంటే రెండుకు పోతది. లేకుంటె ఇంకో ఏడు ఇక్కడ్నే కూసుంటది. ఏమైతది, చిన్నదే గదా!"

ఏమవుతుందో ఆఫియా ఆలోచించడం మొదలుపెట్టింది. ఇల్లు చేరేలోపు ఆ ఆలోచన పదో తరగతి దాకా వెళ్ళింది.

కథల పుస్తకాలు పనికిరాలేదు. కాకి నోరు విప్పి మాట్లాడగానే ఆతియా "నిజంగనేనా?" అంటుంది. కథే కదా అనగానే పుస్తకం అవతల పెడుతుంది. అందుకని ఆఫియా ఖమ్మం నుంచి చీమల మీద పుస్తకం తెప్పించింది. పేజీకొక పెద్ద ఫొటో, కింద నాలుగైదు వాక్యాలు, అంతా ఉన్న సంగతే. ఆతియా ఫొటోలకు అతుక్కుపోయింది. అప్పుడు ఆఫియా వచ్చి పక్కన కూర్చుంది.

"చీమకు కాళ్ళెన్ని?"

"ఆరు."

"ఆ మాట ఏడ రాసుందో సూపియ్యి."

"నీకు తెల్వదా అమ్మీ?"

"తెలుసు."

"మరి నన్నెందుకు అడుగుతవ్?"

పుస్తకం మూతపడింది. గడపలో చెప్పులు విప్పుతున్న అతీక్ నవ్వాడు. "మోటారు కాలిపోతె మళ్ళ చుట్టొచ్చు. పోరిని గిట్ల చుట్టకే!"

"మీకేం, నవ్వుతరు. సోమారం బడికి మీరే పోండ్రి."

ఆదివారం పొద్దున సేమ్యాల డబ్బాకు చీమలు పట్టాయి. గోడ వారన కిటికీ దాకా బారు. షరీఫా వాటి ముందు చతికిలబడింది.

"ఎన్నిమార్లు దులిపినా గదే తొవ్వల వస్తయి. వీటికి తొవ్వ ఎవడు చెప్తుండు?"

వంటింట్లో పొయ్యి దగ్గరున్న ఆఫియా జవాబు చెప్పబోయింది. ఈలోగా ఆతియా లేచింది.

"పుస్తకంల ఉన్నది దాదీ, సూస్త ఆగు... పేజీ దొరుకుతలేదు! నువ్వే మూసినవ్!"

"మూయనా మరి? తెరిచిడిస్తె సైతాన్ సదువుకుంటడు. జల్దీ సూడు."

షరీఫా ఖురాన్ చదువుతుంది కాని తెలుగు అక్షరాలు రావు. ఆతియా పేజీ వెతికి, వేలు పెట్టి కూడబలుక్కుంది. "చీమ నడిచిన దారిలో... వాసన... వదులుతుంది. వెనక వచ్చే చీమలు ఆ వాసన పట్టుకుని... వస్తాయి."

షరీఫా వంగి నేలను వాసన చూసింది. "నాకేం వస్తలేదేందే? ఇంకేమున్నది?"

"దారిని తుడిస్తే... చీమలు కాసేపు... దారి తప్పుతాయి."

షరీఫా తడిబట్టతో ఒక్కచోట తుడిచింది. బారు తెగింది. అక్కడికొచ్చిన ప్రతి చీమా ఆగి, అటూ ఇటూ తిరగసాగింది.

"అల్లా! నిజమే గదనే! ఇగ ఆగమైనయి. ఒక్క గీత గీస్తె ఖతం." షరీఫా చాక్ తీసింది.

ఆతియా చీమల వైపు చూసింది. వెంటనే తల పుస్తకంలోకి వంచి, ఎక్కడా తడబడకుండా చదివేసింది. "చాక్ గీస్తే ఇల్లు కూలిపోతది!"

షరీఫా చెయ్యి ఆగింది. ఒకసారి పైకప్పు కేసి చూసింది. "ఏమే ఆఫియా, నువ్వు సదివినవ్ గదా. గట్ల రాసుందా?"

ఆఫియా గుమ్మంలోకి వచ్చింది. అవునంటే చాక్ పీడ ఈ ఇంటికి నేటితో వదులుతుంది. కాని అన్నిటికీ 'నిజంగనేనా' అని అడిగే పిల్లకు, పుస్తకంలో లేనిదాన్ని ఉందని చెప్పినట్టవుతుంది. లేదని చెబితే, తాను కల్పించుకున్నప్పుడు మూతపడినట్టే పుస్తకం మళ్ళీ మూతపడుతుంది. తెల్లారితే సోమవారం. ఆతియా తల్లినే చూస్తోంది.

"నన్నెందుకు అడుగుడు అత్తమ్మా? పుస్తకం దాని చేతిలనే ఉన్నది. మళ్ళొకసారి సదవమనండ్రి."

ఆతియా మళ్ళీ అందుకుంది. వాసన దగ్గర్నుంచి, తుడవడం దాకా. అక్కడ వేలు ఆగిపోయింది.

"గది లేదు దాదీ. నేనే అన్న. చీమలు సచ్చిపోతయని."

"ఓసి దొంగదానా! తెలుగు రాదని నాకే టోపీ పెడ్తవా?" షరీఫా చాక్ పక్కన పెట్టి, మఠం వేసుకుని కూర్చుంది. "నీ మీద నాకు నమ్మకం పోయింది. పైకెల్లి సదువు. ఒక్క మాట ఇడిచినా ఊకోను."

ఆతియా పేజీ మొదటి నుంచి చదివింది. ప్రతి వాక్యానికీ దాదీ నమ్ముతోందో లేదో తల ఎత్తి చూసుకుంది. రెండుచోట్ల తడబడింది. ఆ రెండు మాటలూ ఆఫియా నాలుక చివరిదాకా వచ్చాయి. ఆమె వాటిని అందించకుండా పొయ్యి దగ్గరికి వెళ్ళి కూర కలపసాగింది. పేజీ అయిపోయింది.

"గుడ్లు ఏడ పెడ్తయట?" షరీఫా అడిగింది.

"గది అవతలి పేజీల ఉన్నట్టుంది."

"తిప్పు మరి."

సోమవారం ఏంజెల్ టీచర్ కాకి కథ ఉన్న పేజీ ఇచ్చింది. ఆతియా ఆగుతూ ఆగుతూనే చివరిదాకా చదివి, "నిజంగనేనా టీచర్?" అంది. రెండుకు పంపించారు. ఆ సాయంత్రం నుంచి ఆఫియా దిగులు ఎక్కాల మీదికి మళ్ళింది.

షరీఫా తెరిచిన పుస్తకాలను ఇప్పటికీ మూస్తూనే ఉంది. కాకపోతే మూసేముందు పేజీలో చీపురుపుల్ల ఒకటి పెడుతోంది.