గంగమణి చేతి వాసన

దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన గంగాకిషన్, బొంబాయిలో ఒక ఎడారి ఎలుకను కొని పెర్కిట్‌లోని ఇంటికి తెచ్చాడు. గోధుమరంగు ఒళ్లు, చివర కుచ్చున్న తోక. బీడీలు చుట్టే భార్య గంగమణికి ఇప్పుడు దాని చాకిరీ కూడా తోడైంది.

“తోక పట్టకు, ఊడుతది. పైనుంచి పట్టకు, బెదురుతది. దోసిట్ల గింజలేసి ఊకో, అదే వస్తది,” అన్నాడు భర్త.

గంగమణి చుట్టే బీడీల చేట పక్కన పెట్టి, పొద్దుతిరుగుడు గింజలతో దోసిలి పట్టింది. ఎలుక వచ్చి, వాసన చూసి, వెనక్కి ఉరికింది. రోజూ అదే తంతు. పంజరం కడిగేది తను, అది ఎక్కేది మొగుడి చేతిమీదికి. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

ఒకరోజు కార్ఖానాలో బీడీలు చుట్టే ఆకు ఇవ్వలేదు. చేట ముట్టే పని లేక, పొద్దంతా బట్టలు ఉతికి, ఆ చేతులతోనే గింజలు పెట్టింది. ఎలుక నిమ్మళంగా దోసిట్లోకి ఎక్కి కూర్చుంది.

“గిన్నొద్దులు నా చేతుల బీడీ తంబాకు వాసనకే పారిపోయింది,” అంది గంగమణి. “పెండ్లయి పదేండ్లాయె. నా చేతులు గింత కంపు కొడ్తయని ఎన్నడన్న చెప్పినవా?”

“నేను ఇంట్ల ఉన్నదెన్నడు?”

“నీకంటె గీ ఎలుక నయం. వచ్చిన వారానికే చెప్పింది.”