అరచేయి అడ్డం పెట్టిన అవ్వ

నా చిన్నప్పుడు కోపమొస్తే గజ్జెలు కట్టుకుని నేల అదిరేలా ఆడేదాన్ని. నాన్నకు హైదరాబాద్ నుంచి ఆర్మూర్ బదిలీ అయిన ఆ ఏడాది రోజూ కోపమే. ఒక్క స్నేహితురాలు లేదు. స్కూల్లో నా పట్నం మాటకు నవ్వేవాళ్ళు. నాకు మిగిలింది డాన్స్ క్లాసు, అమ్మ పాత ఫోను, పక్కింటి అవ్వ.

మా అద్దె ఇంటి పక్కన ఒక్క గదిలో ఉండేది అవ్వ. పగలంతా మార్కెట్ యార్డులో పసుపు కొమ్ములు ఏరి, సాయంత్రం గడప మీద కూర్చుని నా ఆట చూసేది. ఆ గడపకు ఇంకెవరూ వచ్చేవారు కాదు. మెండోర దగ్గరి పల్లెలో, ఆమెకు ఊహ తెలియకముందే దేవతకిచ్చి పెళ్ళి చేసి జోగినిని చేశారట. వాళ్ళ కులం ఆడపిల్లలకే ఆ పెళ్ళి. ఇక జాతరలో ఆడమన్నప్పుడల్లా ఆడాలి. అమ్మ గొంతు తగ్గించి చెప్పిన దాంట్లో నాకు అర్థమైంది ఒక్కటే, అవ్వకు ఆట వచ్చని.

మా డాన్స్ మేడమ్ ఫంక్షన్ హాల్లో ప్రోగ్రాం పెట్టింది. నాది గుడి నర్తకి వేషం. అవ్వ రావాల్సిందేనని మొండికేశాను. ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. నేనే చేయి పట్టుకుని ముందు వరుసలో కూర్చోబెట్టాను.

తెర పక్క నుంచి చూస్తుండగా మేడమ్ ఆమె దగ్గరికి వచ్చింది.

"గిక్కడ ఎవరు కూసోమన్నరు? పెద్దోళ్ళొస్తున్నరు, లే. నువ్వెవరో నాకు తెల్వదా?"

అవ్వ లేచి బయటికి నడిచింది. మేడమ్ మైకు అందుకుని, దేవుడికే జీవితాన్ని అర్పించిన నర్తకుల పవిత్ర కళను ఇప్పుడు చూడండంటూ నా పేరు పిలిచింది.

నేను స్టేజీ ఎక్కలేదు. చేతిలో ఫోను, కాళ్ళకు గజ్జెలు, అలాగే రోడ్డు మీద పరుగెత్తాను.

అవ్వ తన గడప మీదే ఉంది. "నువ్వు ఆడవ్వా! వీడియో తీసి అందరికీ చూపిస్త" అని ఏడుస్తూ ఫోను ఎత్తాను. ఆమె అరచేయి అడ్డం పెట్టింది.

"వద్దు బిడ్డా. ఊరు ఆడుమన్నప్పుడల్లా ఆడిన. ఆడుతవా అని ఒక్కలన్న అడిగిన్రా? గిప్పుడు ఆడను. నా ఇష్టంతోని జేసింది గిదొక్కటే."

"అయితే నేను కూడా ఆడను."

"ఓ యబ్బ, ఏం కోపమే! ఆడుతవో లేదో రేపు సోంచాయించు. మేడమ్ కోసం గాదు, నా కోసం గూడ గాదు."

నా గజ్జెలు విప్పి, కందిపోయిన మడమలు నిమిరింది. ఆ వీధిలో నాకు ఒంటరిగా అనిపించని సాయంత్రం అదొక్కటే. మరి ఆమెకో? అడగలేదు.

నేను ఇంకా ఆడుతున్నాను. ఎవరైనా మైకులో పవిత్ర కళ అంటే, ఎవరిని బయటికి పంపి పవిత్రమైందని అక్కడే అడిగేస్తాను. అందుకే నన్ను పిలిచేవాళ్ళు తక్కువ. ఫోన్లో వేల ఫొటోలున్నాయి. అవ్వది మాత్రం ఆనాడు వేలు తగిలి పడిన ఒక్కటే, మసక మసకగా పసుపు పట్టిన అరచేయి. ఫోను మారిన ప్రతిసారీ ముందు దాన్నే ఎక్కించుకుంటాను. ఎవరి ముందు కెమెరా ఎత్తినా, తీయనా అని అడిగి, ఆ చేయి దిగేదాకా ఆగుతాను.