బొంత మూలలో జొన్నలు

చర్ల దాటాక తారు రోడ్డు అయిపోయిన చోట వానలో జీపు దిగాను. అక్కడి నుంచి అడవిలోని పోలీసు క్యాంపు దాకా నడకే. మట్టిబాటలో మందుపాతరలు ఉంటాయని బండ్లను పోనిచ్చేవారు కాదు. నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన కానిస్టేబుల్ ఒక్క మాటే చెప్పాడు.

"ముందటోని అడుగుల అడుగెయ్యాలె అక్కా. పక్కకు పోవద్దు."

నేను హోంగార్డును. మా ఆయన చనిపోతే ఆయన కొలువు నాకిచ్చారు. చదువు రాదు కాబట్టి వంటకూ, కుట్టుపనికీ వేశారు. చిరిగిన యూనిఫాంలు, గుడారాలు కుట్టేదాన్ని.

క్యాంపుకు బియ్యం, బ్యాటరీలు మోసేది ఒక పొట్టి ఎర్ర గుర్రం. పేరు సిపాయి. చెక్క జీను ఒరుసుకుని దాని వెన్ను మీద అరచేయంత పుండు పడింది. దాన్ని చూసుకునే మరో కానిస్టేబుల్‌ది మధిర. పుండు మానేదాకా గుర్రం మీద గడ్డిపోచ కూడా పెట్టనివ్వనని అందరితో తగువాడేవాడు.

ఆ వానల్లోనే వైర్‌లెస్ ఆపరేటర్‌కు మలేరియా వచ్చింది. వేసిన మాత్ర వేసినట్టే కక్కేస్తున్నాడు. ఒక పొద్దున మమ్మల్ని గుర్తుపట్టలేదు. కమాండరే సెట్టు ముందు కూర్చుని సాయం అడిగితే, అవతలి నుంచి జవాబు వచ్చింది.

"మబ్బు దిగింది. హెలికాప్టర్ రాదు. పేషెంట్‌ను రోడ్డుకాడికి తేండ్రి. అంబులెన్స్ పెడుతం. ఓవర్."

బాటలో ఒకరి వెనక ఒకరే నడవాలి. నలుగురు పక్కపక్కన స్ట్రెచర్ పట్టుకునే వీలు లేదు. ఇద్దరు మోస్తే దారిలోని వాగులో నిలవలేరు. మిగిలింది సిపాయి.

"పుండు మీద మనిషిని కూర్చోబెడితే తన్ని పడేస్తుందండి," అన్నాడు మధిర కానిస్టేబుల్.

కమాండర్ నా వైపు తిరిగాడు. "పుండుకు తగలకుండ గుర్రం మీదికి బొంత కుడతవా? మధ్యాహ్నం బయల్దేరాలె. చీకటి కాకముందే వాగు దాటాలె."

నా పాత చీరలు రెండు, చిరిగిన కంబళి ఒకటి, గోనెసంచి ఒకటి తెచ్చుకున్నాను. టేకాకు ఒకటి పుండు మీద ఆనించి, తడి అంటిన మేరకు చింపాను. ఆ ఆకే కొలత. గుడ్డలన్నీ పొరలుగా పరిచి, నడుమ ఆకంత కిటికీ కోశాను. బరువు కిటికీ చుట్టూ పడాలి, పుండు మీద పడకూడదు. దబ్బనంతో నైలాన్ దారం లాగి లాగి వేళ్లు కోసుకుపోయాయి. లోపల ఆపరేటర్ మూలుగు వినిపిస్తూనే ఉంది.

మా అమ్మ బొంత కుట్టినప్పుడు ఆఖరి మూల మూసేముందు అందులో గుప్పెడు జొన్నలు పోసేది. బొంత కడుపు ఖాళీగా ఉంటే కప్పుకున్నోళ్లకు ఆకలి తీరదనేది. ఆలోచించలేదు. పక్కనున్న సిపాయి దాణా జొన్నల సంచిలోకి చేయి వెళ్లింది. పోశాను, మూల కుట్టేశాను.

ఆపరేటర్‌ను గుర్రం మీద కూర్చోబెట్టి, నడుముకు తాడు కట్టాం. సిపాయి తన్నలేదు. కానీ నాలుగడుగులు వేయడం, మెడ వెనక్కి తిప్పి బొంత మూల కొరకడం. ఆ బాటలో ఆగడమంటే ఏ చెట్టు చాటునుంచో చూసేవాడి తుపాకీకి గురి కావడమే.

"గుర్రం ఏందిరా ఆగుతంది?" కమాండర్ గుసగుసగా అడిగాడు.

మధిర కానిస్టేబుల్ మూల తడిమి చూశాడు. "అక్క ఇందులో దాణా పెట్టి కుట్టిందండి."

"గుర్రానికి టిఫిన్ కట్టిచ్చినవా?"

"మా అమ్మ గట్లనే కుట్టేది సార్."

"కొయ్యి దాన్ని."

కత్తి తీశాను. అంతలో ఎడమ పక్క పొదల్లో కొమ్మ విరిగింది. అందరం వంగిపోయాం. మళ్లీ ఏ చప్పుడూ కాలేదు. కమాండర్ చేత్తో ముందుకు నడవమని సైగ చేశాడు. మూల అలాగే ఉండిపోయింది.

వాగు ఎర్రగా పొంగుతోంది. తాడు కట్టి దిగాం. నీళ్లు గుర్రం కడుపును తాకాయి. సరిగ్గా నడుమకు వచ్చాక సిపాయి నిలబడిపోయింది. కళ్లెం లాగినా కదల్లేదు. ఎగువ నుంచి కొమ్మలు కొట్టుకొస్తున్నాయి.

"నడువ్ బంగారం, నడువ్," మధిర కానిస్టేబుల్ దాని మెడ నిమురుతూ బతిమాలాడు.

సిపాయి మెడ తిప్పి బొంత మూల పట్టుకుంది. ఆ మూల ఆపరేటర్ మోకాలి దగ్గరే ఉంది. అప్పటిదాకా దాని మెడ మీద వాలిపోయి ఉన్నవాడు కళ్లు తెరిచాడు. అది కొరికి వదులు చేసిన కుట్టులోకి వేళ్లు పెట్టి లాగాడు. గింజలు అరచేతిలోకి వంపుకుని చాపాడు.

"తిను బిడ్డా. తిని నడువు."

తిన్నది. నడిచింది.

రోడ్డు మీద అంబులెన్స్ ఉంది. అతన్ని ఎక్కించాక బొంత ఎత్తి చూశాను. పుండు మీద కొత్త నెత్తురు లేదు.

కొన్నాళ్లకు సెట్టులో మాట వచ్చింది. "మీ ఆపరేటర్ లేచి గంజి తాగిండు. ఓవర్."

కమాండర్ బటన్ నొక్కి, నన్ను చూస్తూ అన్నాడు. "గుర్రం గూడ టిఫిన్ చేసిందని చెప్పుండ్రి. ఓవర్."

వానలు వెళ్లాక నన్ను వెనక్కి పంపారు. మా పినపాకలో బస్సు దిగితే బొగ్గు లారీల మోత. వాడకట్టు ఆడవాళ్లు చుట్టూ చేరి, తుపాకులు పేలాయా అని అడిగారు. పేలలేదని చెప్పాను. అంతకంటే వాళ్లకు చెప్పడం నాకు రాలేదు. రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్నాక ఇది రాస్తున్నాను.

ఇప్పటికీ కళ్లు మూస్తే అదే. చుట్టూ ఎర్ర నీళ్లు. జ్వరంతో వణికే అరచెయ్యి. ఆ వేళ్లకు పళ్లు తగలకుండా, వట్టి పెదాలతో ఒక్కో గింజా ఏరుకుంటున్న సిపాయి.