రైట్ ఫుల్ బ్యాక్, వయసు యాభై నాలుగు

శిబిరానికి ఉదయం 6.40కి చేరాను. సూరత్‌లో ఉన్ అనే పేట దాటాక, సచిన్ అనే ఊరి వైపు వెళ్లే దారి పక్కన మూతపడిన ఒక బట్టల గోదాము. రేకుల కప్పు. లోపల ఆరేసి అడుగుల ఎడంతో ఇరవై మడత మంచాలు. గోదాము వెనక హాకీ మైదానం. నల్లరేగడి నేల, దక్షిణం వైపు వాలు. ముందురోజు ట్యాంకరుతో తడిపి రోలరు తిప్పారు. పది దాటాక పగుళ్లు తేలతాయని చూడగానే తెలిసింది. డిసెంబరు రెండో వారం. చలి కొద్దిగా ఉంది. గాలి పాండేసర నుంచి వీచినంతసేపూ అద్దకం మిల్లుల వాసన.

నా సామాను: స్టిక్కులు రెండు, పిక్కలకు కట్టుకునే గార్డులు ఒక జత, బూట్లు ఒక జత, మాస్కులు పది, దుప్పటి ఒకటి, నోటుపుస్తకం, పెన్సిళ్లు రెండు.

సైన్యంలో ఇరవై రెండేళ్లు చేసి హవల్దారుగా దిగాను. పటాలం హాకీ జట్టులో నేను ఫుల్ బ్యాక్‌ను, అంటే గోల్‌కీపరుకు ముందు నిలబడే చివరి కాపలావాణ్ని. పెన్షన్ వచ్చాక బంధువుల వెంట సూరత్ వచ్చాను. పాండేసరలోని ఒక అద్దకం మిల్లులో రంగు పొడులు తూచి ఇచ్చే కలర్ రూములో చేరాను. మిల్లు జట్టులోనూ అదే చోట ఆడాను. నేను మన సిరిసిల్లకు వచ్చినప్పుడల్లా మీరంతా సరిహద్దు సంగతులు అడుగుతారు. అడిగినవన్నీ చెప్పాను. సూరత్‌లో నేను చేసిన ఈ పది రోజుల డ్యూటీ గురించి మాత్రం ఎవరూ అడగలేదు. ఇది దాని నివేదిక.

ఉత్తర్వులు 7.15కి ఇచ్చారు. ఇచ్చినవాడు మేనేజరు, గుజరాతీ మనిషి, మిల్లు ఆఫీసులో పెద్ద ఉద్యోగి. పది రోజులు ఎవరూ గేటు దాటకూడదు. భోజనం మిల్లు క్యాంటీను నుంచి గేటు దాకా వస్తుంది. శిబిరంలో ఇరవై మంది. పదో రోజు సాయంత్రం ఐదింటికి పదహారు పేర్ల జాబితా చదువుతారు. ఆ పదహారు మంది మిల్లుల మధ్య జరిగే పోటీకి వెళ్తారు. మిగిలిన నలుగురు ఇంటికి.

కరోనా వల్ల రెండు సీజన్లు పోయాయి. మైదానం మూసినప్పుడు నాకు యాభై రెండేళ్లు. తెరిచినప్పుడు యాభై నాలుగు. ఆ రెండేళ్లూ ఇరవై మందికీ గడిచాయి. పెద్దవాడైపోయాడన్న మాట మాత్రం నా ఒక్కడి మీదే వచ్చింది.

నా చోటుకు పోటీ ఒక కొత్త ఫుల్ బ్యాక్. వయసు ఇరవై నాలుగు. మగ్గాల విభాగం. సూరత్‌లోనే పుట్టి పెరిగిన తెలుగువాడు. మొదటి ఉదయమే పలకరించాడు.

“కాకా, ఎండ ఎక్కుతున్నది. కుర్సీ తెప్పియ్యాల్నా?”

“తెప్పియ్. ఆట అయినంక నువ్వే కూసుంటవ్.”

ప్రతి ఉదయం ఆరింటికి మేనేజరు స్వయంగా జ్వరం చూసి, ఆక్సిమీటరును కుడిచేతి చూపుడువేలికి పెట్టేవాడు. అంకె తొంభై నాలుగుకు తగ్గితే ఆ రోజు మైదానంలోకి దిగకూడదు. మొదటి రోజు మాత్రం ఉత్తర్వులయ్యాక చూశాడు. నా అంకె తొంభై ఒకటి. రెండో రోజు తొంభై. మూడో రోజు మళ్లీ తొంభై ఒకటి. నాకు ఆయాసం లేదు, దగ్గు లేదు. మైదానం చుట్టూ నాలుగు సార్లు పరుగెత్తి చూపిస్తానన్నాను.

“నియమ్ ఎట్లే నియమ్, కాకా,” అన్నాడు మేనేజరు. నియమం అంటే నియమమే అని.

జట్టు కెప్టెన్ మైదానం నడుమ సెంటర్ హాఫ్ ఆడతాడు. మా సిరిసిల్లవాళ్ల అబ్బాయే. తప్పు పట్టడానికి వీల్లేనంత మర్యాదగా మాట్లాడాడు.

“రెండో వేవ్‌ల నీకు కరోనా అయింది గద కాకా. ఊపిరితిత్తులు జర కమ్జోర్ అయితయ్. జిద్దు చెయ్యకు. గీ ఏడాది బయట కూసొని మాకు సలాలియ్యి.”

సలహా ఇవ్వడం అంటే ఏమిటో సైన్యంలో పనిచేసిన ప్రతివాడికీ తెలుసు. ఆయుధం తీసుకొని కుర్చీ ఇవ్వడం. నేను గోడపక్కన నిలబడి నోటుపుస్తకం తెరిచాను.

గోదాములో నాతోపాటు ఆగిపోయినవాడు ఇంకొకడున్నాడు. ముందు వరుసలో ఎడమవైపు ఇన్‌సైడ్ లెఫ్ట్ ఆడే మనిషి, వయసు ముప్పై ఒకటి, కలర్ రూములో నా పక్క తక్కెడ అతనిదే. అతని అంకె మూడు రోజులూ తొంభై ఒకటి దాటలేదు. గోడవైపు తిరిగి పడుకొనేవాడు. గేటు దగ్గరి నుంచి పళ్లెం తెచ్చి పెట్టినా ముట్టలేదు.

“తినవయ్యా. ఆకలితోని పడుకుంటే ఏమొస్తది?”

“హవల్దార్ సాబ్, మా అన్నకు గూడ పొద్దుగాల తొంభై ఒక్కటే ఉండె. మాపటికి లేడు.”

ఆ ఏడాది ఏప్రిల్‌లో సూరత్‌లో ఉన్నవాళ్లకు ఆ అంకె అంటే ఏమిటో నేను వివరించనక్కరలేదు.

నాలుగో రోజు నోటుపుస్తకంలో ఒక పట్టిక గీశాను. ఎడమవైపు ఇరవై పేర్లు, నడుమ విభాగం, కుడివైపు రోజువారీ అంకెలు. మగ్గాలవాళ్లందరికీ తొంభై ఏడు, తొంభై ఎనిమిది. మడత విభాగానికి తొంభై ఎనిమిది. డ్రైవరుకు తొంభై ఆరు. తొంభై నాలుగుకు తక్కువ ఇద్దరికే. ఆ ఇద్దరూ కలర్ రూము.

నా కుడిచేతిని ఎండలో పెట్టి చూశాను. చేతితొడుగులు వేసుకుంటే పొడి సన్నగా తూచడం కుదరదు. అందుకే కలర్ రూములో ఒట్టి చేతులతోనే పనిచేస్తాం. పదకొండేళ్ల నీలిరంగు, నల్లరంగు నా రెండు చేతుల గోళ్లలోనూ ఉంది. సబ్బుకు పోదు, గోరు పెరిగితే తప్ప. ఆక్సిమీటరు ఎర్రటి వెలుగును గోటిలోంచి పంపి చదువుతుంది. నా గోరు ఆ వెలుగును మింగేస్తోంది.

మేనేజరు దగ్గరకు వెళ్లి ఆక్సిమీటరు పెట్టెలోని కాగితం అడిగాను. తెచ్చాడు. గోళ్లకు రంగు ఉండకూడదని అందులో ఉంది. తాను మొదటి రోజే చదివానన్నాడు. అది నెయిల్ పాలిష్ సంగతి అనుకున్నాడట. ఇక్కడ ఆడవాళ్లు లేరు గదా అన్నాడు. అతని చేతులు శుభ్రంగా ఉన్నాయి. అతని చుట్టూ ఉన్న చేతులు ఇరవై ఏళ్లుగా రంగురంగులవి. చూసీ చూసీ వాటి రంగు అతనికి కనబడడం మానేసింది. అద్దకం మిల్లులో తప్ప ఇలాంటి పొరపాటు జరగదు.

ఐదో రోజు, ఉదయం 6.10. అందరి ముందు ఎడమ బూటు విప్పి, మేజోడు తీసి, పాదం బల్ల మీద పెట్టాను.

“బొటనవేలికి పెట్టండి సాహెబ్.”

గోల్‌కీపరు నలభై దాటినవాడు, మగ్గాలు బాగుచేసే మనిషి, నోరు ఊరుకోదు. “ఏంది అన్నా, కాలుతోని ఊపిరి తీస్తవా?” అన్నాడు. గోదామంతా నవ్వింది. మేనేజరు ఆక్సిమీటరు పెట్టాడు. అంకె స్థిరపడడానికి కొంతసేపు పట్టింది. తొంభై ఏడు. తీసి మళ్లీ పెట్టమన్నాను. తొంభై ఏడు. కుడికాలికీ పెట్టమన్నాను. తొంభై ఏడు.

ఇన్‌సైడ్ లెఫ్ట్‌ను మంచం మీది నుంచి లేపి తెచ్చాను. అతను చెప్పు విప్పి పాదం బల్ల మీద పెట్టాడు. తొంభై ఎనిమిది. ఆ అంకెను చాలాసేపు చూశాడు. మేనేజరు ఆక్సిమీటరు తీసి పెట్టెలో పెట్టేదాకా చూశాడు. తరువాత గోల్‌కీపరు వైపు తిరిగాడు.

“అన్నా, ఉప్మా మిగిలిందా?”

మేనేజరు తన రిజిస్టరులో మా ఇద్దరి పాత అంకెలూ కొట్టేసి సంతకం చేశాడు. అంతవరకు నిజాయితీపరుడే. కెప్టెన్ మాత్రం నన్ను పక్కకు పిలిచాడు.

“ఊపిరి సరే కాకా. మరి కాళ్ల సంగతేంది?”

న్యాయమైన ప్రశ్న. నోటుపుస్తకం తెరిచి నేనే చూపించాను. ముప్పై మీటర్ల పరుగు: కొత్త ఫుల్ బ్యాక్‌కు నాలుగున్నర సెకన్లు, నాకు, గోదాము గోడ వెంట పరుగెత్తి కొలుచుకుంటే, దాదాపు ఆరు. అది దాచలేదు. దాని కింది గీతలు కూడా చదవమన్నాను. నన్ను కూర్చోబెట్టిన నాలుగు రోజుల్లో రెండు ప్రాక్టీసు ఆటలు జరిగాయి. కొత్త ఫుల్ బ్యాక్ వైపు నుంచి బంతి మన డీలోకి, అంటే గోలు ముందున్న అర్ధవలయంలోకి, తొమ్మిది సార్లు వచ్చింది. ప్రతిసారీ కారణం ఒక్కటే. అతను బంతి మీదికి ఉరుకుతాడు. పగుళ్ల నేల మీద బంతి గెంతుతుంది. అతను దాటిపోతాడు. వెనక ఎవరూ ఉండరు.

“నేను బంతి కోసం పోను. అది పోవాల్సిన దారిల ఉంట. రెండాటలు నన్ను ఆడిచ్చి లెక్క చూడు.”

ఆరో రోజు, ఎనిమిదో రోజు ఆడాను. సాయంత్రం 4.00 నుంచి, సగానికి ముప్పై ఐదు నిమిషాలు. మోకాలికి పట్టీ. మా ముందు వరుసలో అందరికన్నా వేగమైనవాణ్ని నా వైపు పెట్టారు. ఆరో రోజు పన్నెండో నిమిషంలో నన్ను ఎడమనుంచి పూర్తిగా దాటేశాడు. రాసుకున్నాను. తరువాత నేను రెండడుగులు లోపలికి జరిగి, అతనికి బయటి గీత వైపు మాత్రమే దారి వదిలాను. ఆ దారిన ఎంత దూరం పోయినా గోలు రాదు. వెనక నుంచి గోల్‌కీపరు అరుపులు ఆగలేదు.

“లోపల మూయ్ అన్నా! గట్లనే! రానియ్, రానియ్, మూలకు పోతడు!”

ఎనిమిదో రోజు ఆట ముగిశాక లెక్క చదివాను. నా వైపు నుంచి డీలోకి వచ్చినవి రెండాటల్లో నాలుగు.

కొత్త ఫుల్ బ్యాక్ స్టిక్కు కింద పడేశాడు. “నీ లెక్క నువ్వే రాసుకుంటె ఎట్ల కాకా? నేను గూడ రాసుకుంట, సున్న అని.”

గోల్‌కీపరు ప్యాడ్లు విప్పుతూ తలెత్తాడు.

“జరిగిందంత నా ముంగటనే జరిగింది. అన్న రాసింది తప్పు.”

నా చెవులు వేడెక్కాయి. రాతలో తప్పు చూపిన మనిషి నాకు అంతవరకు లేడు.

“నాలుగు గాదు, ఐదు. మొదటాటల ఆఖరికి ఒకటి నీ స్టిక్కుకు తాకి లోపలికొచ్చింది. నువ్వు అడ్డుకున్ననని అనుకున్నవ్. నేను కాలుతోని తన్నిన.”

గుర్తు చేసుకున్నాను. అతను చెప్పింది నిజం. నాలుగును కొట్టేసి ఐదు రాసి, పక్కన పొట్టి సంతకం చేశాను. పుస్తకాన్ని కొత్త ఫుల్ బ్యాక్ చేతికిచ్చాను. అతను దిద్దుబాటును చూశాడు, పై పేజీల్లోని తన తొమ్మిదిని చూశాడు, ఒక్కొక్కటీ ఏ నిమిషంలో జరిగిందో చదివాడు. పుస్తకం మూసి తిరిగిచ్చాడు.

పదో రోజు, సాయంత్రం 5.00. మేనేజరు జాబితా చదివాడు. కొత్త ఫుల్ బ్యాక్ పేరు నాలుగోది. ఇన్‌సైడ్ లెఫ్ట్ పేరు తొమ్మిదోది. పదిహేను పేర్లయ్యాక మేనేజరు కాగితం తిప్పాడు. పదహారోది నాది. మొదటి పదకొండు మందిలో లేను. అవసరమైతే దింపుతారు. చాలునన్నాను.

ఇక్కడ మీకు ఒక మాట చెప్పాలి. ఊళ్లో కొందరు అన్నారట, పెద్దాయన మనసు నొప్పించలేక పెట్టి ఉంటారని. అది అబద్ధం. నేను ఆ పది రోజుల్లో ఎవరినీ గౌరవం అడగలేదు. కొలత అడిగాను. నా కొలత మరొకడి కొలతకు తగ్గి ఉంటే జాబితాలో నా పేరు నేనే కొట్టేసి ఉండేవాణ్ని. యాభై నాలుగు అనేది పుట్టిన తేదీ నుంచి వచ్చిన అంకె. ఆటలో ఏం జరిగిందో ఆ అంకె చెప్పదు. అయినా దాన్నే ముందు చదివారు. ఇప్పటికీ అదే నా అభ్యంతరం.

మొదటి మ్యాచిలో ఒక గోలు ఆధిక్యంలో ఉండగా, ముగియడానికి పదకొండు నిమిషాల ముందు నన్ను దింపారు. కొత్త ఫుల్ బ్యాక్ బయటికి వస్తూ నా పక్కన ఆగాడు.

“ఏడో నంబరోడు కుడికి కొడ్తడు కాకా. జర చూస్కో.”

ఆ మ్యాచి గెలిచాం. రెండోది ఓడాం. దానిలో నేను దిగలేదు. మర్నాడు ఉదయం 6.50కి పాండేసరలో కలర్ రూము తలుపు తీశాను. ఆ రోజు మొదటి పని ముదురు నీలం. తరువాతి సీజనుకు జట్టులో నా పేరు ఇవ్వలేదు. మోకాలు ఒప్పుకోలేదు. ఆ నిర్ణయం నాది.

అయినా ఆ పదకొండు నిమిషాల్లోని ఒక క్షణం ఇప్పటికీ పోలేదు. తక్కెడ ముందు నిలబడ్డప్పుడు వస్తుంది, ఊళ్లో మీ మధ్య కూర్చున్నప్పుడూ వస్తుంది. ఏడో నంబరు ఆటగాడు మధ్యగీత దగ్గర బంతి అందుకొని నా మీదికి వస్తున్నాడు. నా వయసులో సగం కూడా లేదు. పూర్తి వేగం. నేను అతని కుడివైపు దారి మూస్తూ వెనక్కి ఒక అడుగు వేసి, స్టిక్కు నేలకు ఆనించి, వంగి నిలబడ్డాను. పది గజాల దూరంలో అతను ఆగిపోయాడు. బంతి అతని స్టిక్కు దగ్గరే ఉంది. తల ఎత్తి నన్ను చూశాడు, కుడికి చూశాడు, ఎడమకు చూశాడు. అతని కాళ్లు లేపిన దుమ్ము అతన్ని దాటి నా మోకాళ్ల దాకా వచ్చింది. అతను రాలేదు.